పోటీ పరీక్షలకు కలిసి చదవడం – పెన్షనర్లుగా మనం చేయగలిగినది
(పెన్షనర్ల దినోత్సవ సభలో చేసిన ప్రసంగ పాఠం)



డి.ఏ. బకాయిల గురించి, వైద్య ఖర్చుల గురించి నాకంటే ముందు మాట్లాడిన మిత్రులు వివరంగా చెప్పారు. నాకు అప్పగించిన విషయం వేరు. మన సంఘ కార్యాలయం మేడమీది గదిలో రెండేళ్ళుగా కొందరు పిల్లలు గ్రూపు-2 పరీక్షకు కలిసి చదువుకుంటున్నారు. వాళ్ళ హాజరు పట్టీ, గది తాళంచెవి నా దగ్గర ఉంటాయి. ఆ అనుభవం నాలుగు మాటల్లో చెప్పమన్నారు కార్యదర్శిగారు. ముప్పై ఏళ్ళకు పైగా ఫైళ్ళు రాసినవాడిని, నాలుగు మాటల్లో ముగించడం నాకు అలవాటు లేదు. మన్నించండి.

ముందుగా ఇది మన సంఘానికి సంబంధించిన విషయమేనా అన్న ప్రశ్నకు జవాబు చెబుతాను. మనలో చాలామంది ఇళ్ళలో మనవడో, మనవరాలో, అద్దెకున్నవారి అబ్బాయో ఏదో ఒక పోటీ పరీక్షకు చదువుతున్నారు. డిగ్రీ అయ్యాక రెండేళ్ళు, మూడేళ్ళు, ఒక్కోసారి ఆరేళ్ళు అలాగే గడుస్తున్నాయి. పట్నంలో ఉంచి కోచింగు ఇప్పించాలంటే ఫీజు, హాస్టలు, భోజనం కలిపి మన పెన్షను చాలదు. పోనీ ఇంట్లో ఒంటరిగా చదివితే తాను ఎక్కడ ఉన్నదీ ఆ పిల్లవాడికి తెలియదు. అందుచేత నలుగురు కలిసి చదువుకోవడమన్నది ఖర్చులేని మార్గంగా కనబడుతుంది. కాని కలిసి కూర్చున్నంత మాత్రాన చదువు రాదు. సరిగా నడపకపోతే ఆ బృందం టీ బడ్డీ దగ్గర కబుర్లకంటే మేలేమీ కాదు. పైగా చదివామన్న తృప్తి ఒకటి మిగులుతుంది, అది మరీ ప్రమాదం.

పరీక్ష స్వరూపం తెలియనివారి కోసం క్లుప్తంగా చెబుతాను. 2023 డిసెంబరులో మన పబ్లిక్ సర్వీసు కమిషను ఇచ్చిన గ్రూపు-2 నోటిఫికేషను ప్రకారం ప్రిలిమినరీ 150 మార్కులు. చరిత్ర, భూగోళం, భారతీయ సమాజం, వర్తమాన విషయాలు, మెంటల్ ఎబిలిటీ – ఒక్కొక్కదానికి 30. మెయిన్సులో రెండు పేపర్లు, ఒక్కొక్కటి 150 మార్కులు. మొదటి పేపరులో ఆంధ్రప్రదేశ్ సామాజిక, సాంస్కృతిక చరిత్ర, భారత రాజ్యాంగం. రెండవ పేపరులో ఆర్థిక వ్యవస్థ, సైన్సు అండ్ టెక్నాలజీ. అన్నీ నాలుగు జవాబుల్లో ఒకటి గుర్తించే ప్రశ్నలే. తప్పు జవాబుకు మూడవ వంతు మార్కు కోత. ప్రిలిమినరీ 2024 ఫిబ్రవరి 25న జరిగింది; మెయిన్సు 2025 ఫిబ్రవరి 23న జరిగింది. అంటే మధ్యలో సుమారు ఏడాది. ఈ ఏడాది పాటు మనసు చెదరకుండా నిలబడటమే అసలు పరీక్ష అని నా అభిప్రాయం. బృందం ఉపయోగం ఎక్కువగా ఉండేది కూడా అక్కడే.

ఇక అసలు మాట. చదవడం ఒంటరిగా చేయాలి, పరీక్షించుకోవడం కలిసి చేయాలి. మా మేడమీది గది పద్ధతి అంతా ఈ ఒక్క సూత్రం మీద నడుస్తుంది.

సాధారణంగా పిల్లలు ఏం చేస్తారంటే, ఒకరు పుస్తకం బయటికి చదువుతారు, మిగిలినవారు తల ఊపుతారు. వింటున్నప్పుడు అంతా తెలిసినట్టే ఉంటుంది. మన కాలంలో డిపార్టుమెంటల్ టెస్టులు గుర్తున్నాయా? కొన్ని పేపర్లకు పుస్తకాలు చూసి రాయనిచ్చేవారు. అయినా ఎంతమంది తప్పేవారో మీకు తెలుసు. పుస్తకం ఎదురుగా ఉన్నా, ఏ రూలు ఎక్కడుందో బుర్రలో లేకపోతే మూడు గంటలూ పేజీలు తిప్పడంతోనే సరి. పుస్తకంలో ఉండటం వేరు, మన తలలో ఉండటం వేరు.

దీనిని శాస్త్రజ్ఞులు కూడా పరీక్షించి చూశారు. 2006లో అమెరికాలో రోడిగర్, కార్పికె అనే ఇద్దరు మనస్తత్వ శాస్త్రజ్ఞులు ఒక ప్రయోగ ఫలితం ప్రకటించారు. ఒక పాఠాన్ని కొందరు విద్యార్థుల చేత మళ్ళీ మళ్ళీ చదివించారు. మరికొందరి చేత చదివించి, ఆపైన పుస్తకం చూడకుండా గుర్తున్నంత రాయించారు. ఐదు నిమిషాల తరువాత పరీక్ష పెడితే మళ్ళీ మళ్ళీ చదివినవారిదే పైచేయి. వారం తరువాత పెడితే మాత్రం చూడకుండా రాసినవారిదే పైచేయి. మన పిల్లలకు కావలసింది ఐదు నిమిషాల జ్ఞాపకం కాదు, ఏడాది తరువాత హాలులో పనికివచ్చే జ్ఞాపకం.

బృందంలో ఎంతమంది ఉండాలి? నలుగురి నుంచి ఆరుగురి వరకు చాలు. ఫ్రాన్సులో రింగెల్‌మన్ అనే వ్యవసాయ ఇంజనీరు మనుషుల చేత తాడు లాగించి బలం కొలిచాడు. ఆ ఫలితాలు 1913లో అచ్చయ్యాయి. జనం పెరిగినకొద్దీ ఒక్కొక్కరు లాగే బలం తగ్గుతూ వచ్చింది. ఎనిమిదిమంది కలిసి లాగినప్పుడు ఒక్కొక్కరి వంతు, ఒంటరిగా లాగినప్పటి బలంలో సుమారు సగానికి దిగింది. ఆఫీసులో మనం చూడనిదా? ఇద్దరున్న సెక్షనులో పని ఆగదు, పన్నెండుమందున్న సెక్షనులో తపాలు కట్ట విప్పేవాడు ఉండడు. మా గదిలో మొదట పదకొండుమంది చేరతామన్నారు. రెండు జట్లుగా విడగొట్టి, ఒక జట్టుకు ఉదయం, ఒక జట్టుకు సాయంత్రం ఇచ్చాము.

అందరూ ఒకే పరీక్షకు చదివేవారై ఉండాలి. బలాలు మాత్రం వేరువేరుగా ఉంటే మంచిది. లెక్కలు చదివిన అమ్మాయి, చరిత్ర చదివిన అబ్బాయి, కామర్సు అబ్బాయి ఒకచోట చేరితే ఒకరి లోటు ఒకరు పూడ్చుకుంటారు. స్నేహం ఉంటే సంతోషమే, కాని స్నేహం కోసం చేరకూడదు. వారానికి మూడు రోజులు, రోజుకు రెండు గంటలు. అంతకు మించి గది ఇవ్వను. మిగిలిన సమయం ఇంట్లో చదువుకోవాలి కదా!

ఆ రెండు గంటలు ఎలా గడుస్తాయో చెబుతాను. మొదటి పావుగంట పాత తప్పుల మీద ప్రశ్నలు. తరువాత అరగంట నిశ్శబ్దంగా, గడియారం పెట్టుకుని ముప్పై ప్రశ్నలు. ఫోనులన్నీ కిటికీ గట్టు మీద ఉంటాయి. తరువాత యాభై నిమిషాలు చర్చ. చర్చలో నియమం ఒకటే. సరైన జవాబు ఏదో చెబితే చాలదు, మిగిలిన మూడూ ఎందుకు కావో కూడా చెప్పాలి. ఆఖరున ఒకరు, తాము చదివి వచ్చిన పాఠాన్ని పదిహేను నిమిషాల్లో కాగితం చూడకుండా చెప్పాలి. ఎక్కడ తడబడ్డారో అక్కడే వాళ్ళకు పాఠం రాలేదన్నమాట. మిగిలిన పది నిమిషాల్లో రాబోయే రోజుకు ఎవరు ఏం చదివి రావాలో రాసుకుని, సంతకాలు చేసి వెళ్ళాలి. సాయంత్రం జట్టు ఆరు గంటలకల్లా ముగుస్తుంది. ఆడపిల్లలు వెలుగుండగానే ఇంటికి చేరాలని తల్లిదండ్రులు అడిగారు. ఆ మాట నిలబెట్టుకున్నాము కనుకనే వాళ్ళు పంపుతున్నారు.

మిగిలిన మూడు జవాబులు ఎందుకు కావో చెప్పాలన్నానే, దానికి ఒక ఉదాహరణ. ఒకరోజు 371-డి అధికరణం మీద ప్రశ్న వచ్చింది. ఒక అబ్బాయి సరైన జవాబే గుర్తించాడు. “371-ఇ ఎందుకు కాదు బాబూ?” అని అడిగితే నీళ్ళు నమిలాడు. రెండూ 32వ రాజ్యాంగ సవరణతో వచ్చినవే. 371-ఇ కేంద్ర విశ్వవిద్యాలయం స్థాపనకు సంబంధించినది. 371-డి ఉద్యోగాల్లో, విద్యలో స్థానికులకు సమాన అవకాశాలకు సంబంధించినది. ఆ రోజు నన్నే అడిగారు, “తాతగారూ, ఇది మీ సర్వీసులో ఎలా ఉండేది?” అని. 1973 నాటి ఆరు సూత్రాల పథకం, 1974 జూలై 1 నుంచి 371-డి అమలు, 1975 నాటి రాష్ట్రపతి ఉత్తర్వు, జిల్లా కేడరు, జోనల్ కేడరు – మన సీనియారిటీ జాబితాలన్నీ నడిచింది వాటి మీదనే కదా! పది నిమిషాల్లో చెప్పాను. ఆ తరువాత ఎవరూ ఆ ప్రశ్న తప్పలేదు.

అలాగే ఈ రోజు మనం జరుపుకుంటున్న పండుగ సంగతి. 1982 డిసెంబరు 17న సుప్రీంకోర్టు నకారా కేసులో తీర్పు ఇచ్చింది, పెన్షను అనేది దయతో ఇచ్చే భిక్ష కాదని. రిటైరైన తేదీని బట్టి పెన్షనర్లను రెండుగా విడదీయడం 14వ అధికరణానికి విరుద్ధమని చెప్పింది. ఆ తీర్పుతో లాభం పొందిన తరం మనది. 14వ అధికరణం మీద పాఠం చెప్పడానికి మనకంటే అర్హులెవరు? కాని మిత్రులారా, ఒక్క హెచ్చరిక. పిల్లలు అడిగితే చెప్పాలి. అడగకుండా మన సర్వీసు పురాణం విప్పితే వాళ్ళ రెండు గంటలూ మనమే తినేస్తాము.

ఇప్పుడు మన గుమాస్తా విద్య ఎక్కడ పనికివచ్చిందో చెబుతాను. ప్రతి సీటుకు ఒక పర్సనల్ రిజిస్టరు ఉండేది. వచ్చిన ప్రతి కాగితం అందులో ఎక్కాలి, తేలేదాకా దాని ఆచూకీ అందులో ఉండాలి. పిల్లలకు అదే నేర్పాను. ఒక్కొక్కరి దగ్గర ఒక తప్పుల రిజిస్టరు. వరుస సంఖ్య, తేదీ, ప్రశ్న, నేను గుర్తించిన జవాబు, సరైన జవాబు, ఎక్కడ చూశాను, తప్పు ఎందుకు జరిగింది. ఆ చివరి గడి ముఖ్యం. తెలియక తప్పారా, రెండింటిని కలగాపులగం చేసి తప్పారా, ప్రశ్న సరిగా చదవక తప్పారా? 1953 అక్టోబరు 1న ఆంధ్ర రాష్ట్రం, 1956 నవంబరు 1న ఆంధ్రప్రదేశ్ – ఇవి తెలియనివారు లేరు, తారుమారు చేసేవారు చాలామంది. ‘కానిది ఏది?’ అన్న ప్రశ్నలో ‘కానిది’ అన్న మాట చూడక తప్పినవారికి మళ్ళీ పుస్తకం చదవమంటే ఏం లాభం? మందు వేరు కదా!

ఇంకొకటి కాల్ బుక్కు. కొన్ని నెలల దాకా చర్య అవసరం లేని ఫైలును కాల్ బుక్కులో ఎక్కించి, ఏ తేదీకి మళ్ళీ బయటికి తీయాలో రాసుకునేవాళ్ళం. అదే పద్ధతిలో ప్రతి తప్పునూ మూడవ రోజు, పదవ రోజు, ముప్పయ్యవ రోజు మళ్ళీ అడుగుతారు. మూడుసార్లూ చూడకుండా సరిగా చెబితేనే ఆ పద్దు మూసివేత. మూసేటప్పుడు ఆర్.డిస్. అని రాయమన్నాను. అదేమిటని అడిగారు. శాశ్వతంగా భద్రపరచవలసిన ఫైలు అని చెబితే నవ్వారు గాని, ఇప్పుడు అందరూ అలాగే రాస్తున్నారు.

జవాబు మీద తగాదా వస్తే గొంతు పెద్దదైనవారి మాట నెగ్గకూడదు. ఫోనులో ఎవరో పంపిన కాగితం ప్రమాణం కాదు. రాజ్యాంగమైతే రాజ్యాంగ గ్రంథం, చరిత్ర, భూగోళాలకు ప్రభుత్వ పాఠ్యపుస్తకాలు, తెలుగు అకాడమీ పుస్తకాలు, పాత ప్రశ్నలకు కమిషను ప్రకటించిన తుది కీ. కమిషను ముందు ప్రాథమిక కీ ఇస్తుంది, అభ్యంతరాలు తీసుకుని తరువాత తుది కీ ఇస్తుంది. పిల్లలు చాలామంది మొదటిదే దాచుకుంటారు. తుది కీ చూడటం అలవాటు చేయాలి. అప్పటికీ తేలకపోతే ‘పెండింగు’ అని రాసి, ఒకరికి అప్పగించి ముందుకు పోవాలి. ఒక్క ప్రశ్న మీద గంట గడపకూడదు.

మార్కుల కోత సంగతి ప్రత్యేకంగా చెప్పాలి. ఇది లెక్క, ధైర్యం కాదు. ఏమీ తెలియకుండా ఇరవై ప్రశ్నలకు గుడ్డిగా గుర్తిస్తే, సగటున ఐదు ఒప్పు, పదిహేను తప్పు. ఐదు మార్కులు వచ్చి ఐదు పోతాయి, మిగిలేది సున్నా. ఒక జవాబు కాదని గట్టిగా తెలిసి మిగిలిన మూడింట్లో ఒకటి గుర్తిస్తే, పద్దెనిమిది ప్రశ్నలకు ఆరు ఒప్పు, పన్నెండు తప్పు; నాలుగు పోగా రెండు మిగులుతాయి. రెండు కావని తెలిస్తే తొమ్మిది ఒప్పు, తొమ్మిది తప్పు. మూడు పోగా ఆరు మిగులుతాయి. అందుచేత ప్రతి జవాబు పక్కన ఒక అక్షరం వేయిస్తాము. తెలిసి రాస్తే ‘తె’, అనుమానంతో రాస్తే ‘అ’, ఊహించి రాస్తే ‘ఊ’. నెలకొకసారి ఒక్కొక్క రకంలో ఎన్ని ఒప్పులో లెక్కిస్తారు. ఒక అబ్బాయికి ‘తె’ అని వేసినవాటిలోనే చాలా తప్పులు తేలాయి. ఒక అమ్మాయి రెండు జవాబులు కొట్టివేసి కూడా భయపడి ఖాళీగా వదిలేస్తున్నట్టు తేలింది. అబ్బాయి తొందర తగ్గించుకోవాలి, అమ్మాయి భయం తగ్గించుకోవాలి. ఇద్దరికీ ఒకే సలహా ఇస్తే ఇద్దరూ చెడతారు. ఒంటరిగా చదివేవారికి ఈ సంగతి కనబడటం కష్టం.

ఇక ఎదురయ్యే చిక్కులు. ఒకరే మాట్లాడుతూ ఉంటారు. వరుస ప్రకారం చీటీ తీసి అడిగితే సర్దుకుంటుంది. ఒకరు చదవకుండా వస్తారు. వరుసగా మూడుసార్లు అలా వస్తే నెల రోజులు గది బయటే ఉండాలని పిల్లలే తీర్మానం రాసుకున్నారు. మార్కులు గోడ మీద అంటించకూడదు. ఎవరి పట్టీ వారి దగ్గరే ఉండాలి. పరువు పోతుందన్న భయం పట్టుకున్నవాడు తప్పు జవాబు బయటికి చెప్పడు. తప్పు బయటికి రాకపోతే దిద్దేదెవరు?

అన్నింటికంటే లోతైన చిక్కు ఒకటుంది. పక్కన కూర్చున్నవాడు నాకు పోటీదారు కదా, నాకు తెలిసింది అతనికెందుకు చెప్పాలి అని. పైకి అనరు గాని ఉంటుంది. ఒకసారి ఒక తల్లి నన్నే అడిగింది. ఆమెకు చెప్పిన జవాబే మీకూ చెబుతున్నాను. “అమ్మా, ఈ పరీక్ష రాసేవారు లక్షల్లో ఉన్నారు. ఈ గదిలో ఉన్నది ఐదుగురు. ఈ ఐదుగురికి దాచిపెట్టి మీ అబ్బాయి లక్షలమందిని దాటలేడు. చెప్పినవాడికి పాఠం ఇంకోసారి వస్తుంది, విన్నవాడు రేపు ఇంకో పాఠం చెబుతాడు.” ఆమె ఒప్పుకున్నదో లేదో నాకు తెలియదు, అబ్బాయిని మాత్రం మానిపించలేదు.

చివరిగా ఒక కష్టమైన మాట. పోటీ పరీక్షలో అందరికీ ఉద్యోగం రాదు. మా ఇద్దరి జట్లలో కొందరు మెయిన్సు దాకా వెళ్ళారు. ఒకమ్మాయి బ్యాంకు గుమాస్తా పరీక్షలో నెగ్గి వెళ్ళిపోయింది. ఒకబ్బాయికి ఐదవ ఏడు నడుస్తోంది, ఇంట్లో రోజూ మాటలు పడుతున్నాడు. బృందం పని ధైర్యం చెప్పడం ఒక్కటే కాదు, నిజం చెప్పడం కూడా. ప్రతి ఫలితం తరువాత వారం ఆగి, తప్పుల రిజిస్టరు ఎదురుగా పెట్టుకుని, మూడు ప్రశ్నలు వేసుకోవాలి. కిందటిసారికంటే మార్కులు పెరిగాయా? పెరగకపోతే కారణం తెలిసిందా? ఇంకో ఏడాది గడిపేందుకు ఇంట్లో వీలుందా? మూడింటికీ కాదనే జవాబు వస్తే వేరే దారి చూసుకోవడం ఓటమి కాదు. ఆ అబ్బాయికి మార్కులు ఏటా పెరుగుతున్నాయి, కారణాలు తెలుసు. మూడవ ప్రశ్నకే జవాబు కుదరలేదు. జట్టులోని మిగిలినవారే మాట్లాడి, పగలు ఒక ఎరువుల దుకాణంలో లెక్కలు రాసే పని కుదిర్చి, అతని కోసం సాయంత్రం జట్టు వేళ గంట ముందుకు జరిపించారు. వచ్చే నోటిఫికేషనే ఆఖరుదని అతను తనంతట తాను తేదీ వేసి రాసుకున్నాడు. ఫలితం ఎలా ఉంటుందో నేను చెప్పలేను. కాని గడువు రాసుకున్న దగ్గర నుంచి అతని ముఖంలో తేడా వచ్చింది.

కనుక పెద్దలకు నా మనవి ఇది. పిల్లలను “ఇంకా రాలేదా?” అని అడగకండి. “ఈ వారం తప్పుల్లో ఎన్ని మూసేశావు?” అని అడగండి. మన సంఘం మూడు పనులు చేస్తే చాలు. ఒకటి, మేడమీది గదిని వారంలో ఆరు రోజులు పిల్లలకు వదలాలి. రెండు, రోజుకొక సభ్యుడు వంతు ప్రకారం వచ్చి తాళం తీసి, హాజరు వేసి, గడియారం చూడాలి, పాఠం చెప్పనక్కరలేదు. మూడు, దినపత్రికల ఫైలు, పాత ప్రశ్నపత్రాలు, తుది కీలు ఒక బీరువాలో వరుసగా పెట్టాలి. ఫైళ్ళు కట్టడం మనకు ఒకరు నేర్పాలా? బీరువా ఒకటి మా ఇంట్లో ఖాళీగా ఉంది, వచ్చే సోమవారం పంపిస్తాను. వంతుల పట్టీలో నా పేరు బుధవారానికి రాసుకున్నాను. మిగిలిన ఐదు రోజులు ఖాళీగా ఉన్నాయి. సభ ముగిశాక ఆ కాగితం కార్యదర్శిగారి బల్ల మీద ఉంటుంది, దయచేసి సంతకం చేసి వెళ్ళండి.